మా కోసం వేసిన టెంటు

తొమ్మిదో అంతస్తు అంకుల్ పోయారని నాకు పాయా లేబర్ మెట్రో స్టేషన్‌లో తెలిసింది. ఆఫీసుకు పరుగెత్తే గుంపులో, ఎస్కలేటర్ మీద ఉన్నాను. మా బ్లాకు తెలుగువాళ్ల గ్రూపులో ఒకటే వాక్యం: "అంకుల్ ఇక లేరు." ఏ అంకులో రాయలేదు. ఈ ఊళ్లో టాక్సీ నడిపే ఆయనా అంకులే, కాఫీ కలిపే ఆయనా అంకులే. అయినా మా గ్రూపులో ఒక్కరు కూడా ఎవరని అడగలేదు. ఎస్కలేటర్ పైకొచ్చినా కాలు కదపక నిలబడిపోతే వెనకాయన విసుక్కుని పక్కకు తప్పుకుని వెళ్లాడు.

ముందే చెప్పేస్తున్నాను. ఆయనతో నేను అయిదేళ్లుగా మాట్లాడలేదు. తప్పు ఆయనది కాదు. నోరు నాది.

ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. చిన్న వయసులో వర్క్ పర్మిట్ మీద షిప్‌యార్డుకు వచ్చి, తాళ్లూ గొలుసులూ మోసి, చివరికి సూపర్‌వైజరై, జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకులోనే ఫ్లాట్ కొనుక్కున్నారు. ఆయనకూ ఆంటీకీ పిల్లల్లేరు. స్కూళ్లకు సెలవులిస్తే చాలు, మా బ్లాకులోని నాలుగు తెలుగు కుటుంబాలనూ పోగేసి పాసిర్ రిస్ పార్కులో సముద్రం ఒడ్డున క్యాంపింగ్‌కు తీసుకెళ్లేవారు. పడమటి కొస నుంచి తూర్పు కొసకు గంట పైనే రైలు. టెంట్లు, చాపలు, పులిహోర డబ్బాలు, వంజరం చేప ముక్కలు దాచిన ఐస్ పెట్టె. మమ్మల్ని చూసి ఊరు ఖాళీ చేస్తున్నామనుకునేవాళ్లేమో!

టెంటు వేయడం ఆయన దగ్గరే చూడాలి. మా ఆయన ఇంజనీరే, యూట్యూబ్ చూసి మరీ వేస్తే గాలికి గొడుగులా ఎగిరిపోయింది. అంకుల్ నవ్వలేదు. "గాలితో పంతమెట్టుకోకు నాయినా. తాడు కూసింత ఒదులు. అది కొట్టీసి ఎల్లిపోద్ది, నువ్వుండిపోతావు" అన్నారు. ఈ మాట నేను ఆఫీసు మీటింగుల్లో ఎన్నిసార్లు తలుచుకున్నానో. తెల్లారి టెంట్లు విప్పాక నలిగిన గడ్డిని చేత్తో దువ్వి లేపేవారు. "మనం ఉన్నట్టు దానికి తెలీకూడదు" అనేవారు.

ఇంకో అలవాటుంది. టెంట్లన్నీ వేశాక, ఎవరూ లోపలికి వెళ్లకముందు, ఆయన చెప్పులు విప్పి చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరూ లేని చెట్లవైపు చూసి గట్టిగా చెప్పేవారు: "వచ్చేం. పిల్లలున్నారు. పొద్దున్నే ఎల్లిపోతాం." షిప్‌యార్డులో మలయ్ స్నేహితుడు నేర్పాడట, కొత్త చోట అడిగి ఉండాలని. నేను నవ్వేదాన్ని. "ఎవరికి అంకుల్, పార్కు వాళ్లకా?" అంటే, "ఇక్కడున్నోలకమ్మా" అనేవారు, అంతే.

అయిదేళ్ల కిందట, సెప్టెంబరు సెలవుల్లో తేదీ నేను ఎంచాను. ఫోనులో క్యాంపింగ్ పర్మిట్ తీసుకుంటూ, ఆ రోజుకు చోటు ఎంత ఖాళీగా ఉందో చూసి మురిసిపోయాను. అంకుల్ మాత్రం, "ఈ నెల ఒద్దమ్మా. చైనావోలకి ఏడో నెల. పోయిన పెద్దలు తిరిగే రోజులు, నీటి దగ్గరకి ఎవుళూ రారు" అన్నారు. "ఈ కాలంలో ఇవన్నీ ఏమిటి అంకుల్" అని కొట్టిపారేశాను. నా మాట కాదనలేక, "పిల్లల్ని నేను కనిపెట్టుకునుంటాన్లే" అంటూ వచ్చారు.

పార్కంతా మాదే. పిల్లలకు పండగ. సాయంత్రం వెలుగుండగానే మా అమ్మాయి, అప్పటికి తొమ్మిదేళ్లది, దారి పక్క నుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ప్రసాదం!" చేతిలో సగం తిన్న నారింజ. దారి అంచున కాగితపు పళ్లెంలో అన్నం, పళ్లు, పక్కన కాలిపోయిన అగరుబత్తులు. దేవుడి ముందు పెట్టింది ఏది కనిపించినా కళ్లకద్దుకుని తినాలని దానికి నేర్పింది నేనే. ఎవరో చనిపోయిన తమవాళ్ల కోసం పెట్టుకున్న కూడు అది.

కొట్టిపారేసినదాన్నే, చెట్టు కొమ్మ కదిలితే ఉలిక్కిపడ్డాను. అంకుల్ దాన్ని ఒక్క మాట అనలేదు. మా సంచిలోంచి పళ్లు తీసుకెళ్లి ఆ పళ్లెంలో పెట్టి, దాన్ని పక్కన నిలబెట్టుకుని చేతులు జోడించారు. "పిల్ల తెలీక తినేసింది. ఏటీ అనుకోకండి. అనుకుంటే నన్ననుకోండి" అన్నారు.

మర్నాడు ఇంటికొచ్చేసరికి పిల్లకు ఒళ్లు పెనంలా కాలిపోతోంది. డెంగీ. ఆసుపత్రిలో చేర్చాం. రోజూ రక్తం తీస్తారు, రోజూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నేను తిండి మానేసి, నిద్ర మానేసి, ఎవరిని తిట్టాలా అని చూస్తున్నాను. అప్పుడొచ్చారు అంకుల్, స్టీలు డబ్బాలో పెరుగన్నంతో.

వార్డు బయట, అందరూ వింటుండగా అనేశాను. "పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటానన్నది మీరే కదా? మీకు పిల్లల్లేరు, ఆ బాధ మీకేం తెలుస్తుంది? ఇంక మా గుమ్మం తొక్కకండి."

తేదీ ఎంచింది నేనని ఆయన అనొచ్చు. వద్దని చెప్పానని అనొచ్చు. డబ్బా కుర్చీలో పెట్టి, "అలాగేనమ్మా" అని వెళ్లిపోయారు.

పిల్ల కోలుకుంది. ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పింది, ఆ దోమ మేం పార్కుకు వెళ్లడానికి కొన్ని రోజుల ముందే కుట్టి ఉంటుందని. అంటే మా ఇంటి దగ్గరే. నేను తలూపి, మందుల చీటీ తీసుకుని వచ్చేశాను. లిఫ్టులో తొమ్మిది నొక్కితే అయిపోయేది. మా అంతస్తు పదకొండు నొక్కాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు నెలలైంది, ఏళ్లయింది. ఆలస్యమైన కొద్దీ సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగిన కొద్దీ ఆలస్యం.

ఆయన మాత్రం మాటకు కట్టుబడ్డారు. కింద నేను లిఫ్టు కోసం నిలబడితే, లెటర్‌బాక్సు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి ఉండేవారు. నేను ఎక్కి తలుపు మూసుకున్నాకే కదిలేవారు. ఆయన పోయాక లిఫ్టు ఒక్కోసారి తొమ్మిదిలో ఆగి, తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకుండా మూసుకుంటోంది. మొన్న ఖాళీ గుమ్మానికి "రండి అంకుల్" అన్నాను. పక్కనున్న చైనా ముసలమ్మ నన్ను వింతగా చూడలేదు. ఆవిడ కూడా కాస్త జరిగి చోటిచ్చింది.

కర్మలయ్యాక ఆంటీ మా ఇంటికి వచ్చింది. నేను తలుపు తీసి, లోపలికి రమ్మనడం కూడా మరిచాను. ఆవిడే ఫోను చూపించింది. పోయే ముందు వారం అంకుల్ తీసుకున్న క్యాంపింగ్ పర్మిట్. వచ్చే శనివారానికి, రెండు టెంట్లకు.

"రెండెందుకు ఆంటీ?"

"ఒకటి మాది, ఒకటి మీది. పెతీసారీ అంతేనమ్మా. నువ్వు రావని తెల్సు. అయినా మీది ముందు ఏసేవోరు. తెల్లార్లూ ఖాళీగా ఉండీది. తీసీమంటే, 'వస్తే చోటుండాల కదే' అనీవోరు."

అయిదేళ్లు! నేను ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. దోమ సంగతి చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "ఈ ముక్క ఆయనకి సెప్పవలసింది తల్లీ. మనసులో తనే తప్పు సేసేననుకుని పోయేరు" అంది. తిట్టినా బాగుండేది.

శనివారం వెళ్లాం. నేను, మా ఆయన, అమ్మాయి, ఆంటీ. అమ్మాయికిప్పుడు పధ్నాలుగు. రెండు టెంట్లూ అదే నిలబెట్టింది. తాళ్లు ఎంత వదలాలో దానికి గుర్తుంది. ఎండ ఇంకా చెట్ల మీద ఉంది. సైకిల్ మీద పార్కు ఆఫీసరొచ్చి పర్మిట్ అడిగాడు. ఆంటీ ఫోను చూపించింది.

"పర్మిట్ హోల్డర్ ఎక్కడ? ఆయన ఇక్కడుండాలి, రూలు" అన్నాడు ఇంగ్లీషులో.

ఆంటీ ఫోను దించి నావైపు చూసింది. నేను చెప్పబోయాను. చెప్పకుండానే వంగి, బిగిసే ఉన్న టెంటు మేకును మళ్లీ నొక్కాను.

అమ్మాయి ముందుకొచ్చి, ఈ ఊరి ఇంగ్లీషు యాసలో అంది. "మై గ్రాండ్‌ఫాదర్. కమింగ్ లా. ఆన్ ద వే."

అతను మమ్మల్ని ఒకసారి, ఖాళీ టెంటును ఒకసారి చూశాడు. "ఓకే, కాసేపాగి వస్తా" అని వెళ్లిపోయాడు.

అబద్ధమాడావేమని కూతుర్ని నేను అడగలేదు. చాప మీద కూర్చుని, కార్ పార్కు నుంచి వచ్చే దారివైపు చూస్తూ, అంకుల్‌కు చెప్పడానికి, డాక్టరు ఏమందో మొదటి మాట నుంచి లోపల కూడగట్టుకుంటున్నాను. కాసేపటికి ఆ దారిలో, చెట్ల మధ్య నుంచి, ఒకాయన భుజాన బరువైన సంచితో, అంకుల్ లాగే కాస్త వంగి నడుస్తూ వచ్చాడు. మేం నలుగురం ఒక్కసారే లేచి నిలబడ్డాం. అతను మా టెంట్లు దాటి, మావైపు చూడకుండా, నీళ్లవైపు వెళ్లిపోయాడు.