ఒంటె నోట్లోని బంగారం

ఒమన్‌లోని బర్కాలో ఒంటెను కుస్తీలో ఓడించిన మొనగాడు లింబాద్రి. ఓడించాడన్నది కాస్త ఎక్కువే. దాని నోట్లోంచి జమ్మికొమ్మ లాక్కున్నాడు. రోజుకు నాలుగుసార్లు మీసం దువ్వుకునే ఈ తాపీమేస్త్రీ, తాను వండిన పులుసులో ఉప్పెక్కువైందన్న పాపానికి, ఒకే రూమ్‌లో ఉంటూ అన్న రాజన్నతో ఆర్నెల్లు మాట్లాడని పౌరుషవంతుడు. దసరానాడు జమ్మాకును బంగారమని చేతిలో పెడితే, క్షమాపణ అడగకుండానే కలిసిపోవచ్చు. అందుకే పంతొమ్మిది వందల తొంభై రెండు దసరాకు సైట్ వెనక జమ్మిచెట్టెక్కి కొమ్మ విరిచాడు. దిగేలోపే ఒంటె అందుకుంది. పెనుగులాటలో నాలుగు రెబ్బలు దక్కాయి. ఒకటి అమ్మవారి పటానికి పెట్టి, మిగతావి అన్న చేతిలో పోసి కాళ్లు మొక్కాడు.

“బంగారానికి గింత సొంగేందిర?” అంటూనే రాజన్న అలాయ్ బలాయ్ ఇచ్చాడు.

ఇప్పుడు అడిగితే లింబాద్రి మీసం దువ్వుతూ, “ఒంటె లేదు, గింటె లేదు. మా అన్నతోని నాకు మాటలెప్పుడు బందైనయ్?” అంటాడు.