వెలగకూడని దీపాలు

ఆదివారం పొద్దున్నే సత్తెనపల్లి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి వెళ్ళిపోయాడే అమ్మాయ్. చర్చికని చొక్కా ఇస్త్రీ చేసుకుని, కాసేపు కూర్చుంటానన్నాడు. అంతే." ఆమె గొంతు వణకలేదు.

మా నాన్నకు తమ్ముడాయన. సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఎక్కడ పనిచేసినా చూసింది కరెంటూ, నీళ్ళే. తర్వాత మిరప వేసుకున్నారు. ఎవరింటికెళ్ళినా నీళ్ళ ట్యాంకును వేలి కణుపులతో కొట్టి ఎంతవరకు నిండిందో చెప్పేవారు. కొత్త యంత్రం ఏది చూపించినా ఒకటే ప్రశ్న: "ఇది చెడిపోతే ఎవడొస్తాడు?"

నేను గుంటూరులో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. నగరాలకు స్మార్ట్ వీధి దీపాలు, నీటి లీకులు పట్టే సెన్సర్లు రూపొందించడం నా పని. రెండేళ్ళ కిందట ఒక సైనిక స్థావరానికి అవే అమర్చే ప్రాజెక్టు మాకు వచ్చింది. ఊరికి పనికొచ్చింది స్థావరానికి పనికిరాదా అనుకున్నాను. మనిషి అడుగుపడగానే వెలుగు పెంచి, దాటగానే తగ్గించే దీపాలను ప్రహరీ పొడవునా గీసేశాను.

నమూనాగా కాలేజీ రోడ్డులో ఎనిమిది దీపాలు పెట్టాం. మిర్చి యార్డులో బస్తాలు దింపి, చొక్కా నిండా ఘాటుతో వచ్చిన బాబాయికి సంబరంగా చూపించాను. అప్పుడే చీకటి పడుతోంది. ఆయన గేటు దగ్గర నిలబడి, నన్ను ఆ చివరిదాకా నడవమన్నారు. ఒక్కో దీపమూ నా నెత్తిమీద వెలుగుతూ వచ్చింది.

"బావుందే లెక్చరరమ్మా! కళ్ళజోడు లేకపోయినా నువ్వెక్కడున్నావో తెలిసిపోతా ఉంది."

"అందుకేగా బాబాయ్ పెట్టింది!"

"నాకొక్కడికేనా తెలిసేది? పహరా కాసేవాడు నీడలో నడవాలే. నువ్వు వాడి నెత్తిన దీపం పెట్టి ఊరేగిస్తున్నావు."

నవ్వుతూనే అన్నారు. నాకు స్థావరం ప్రహరీ పొడవునా గీసిన దీపాలు గుర్తొచ్చాయి. మర్నాడే డ్రాయింగులు పంపాలి. అక్కడా బుర్రలున్నవాళ్ళుంటారు, ఈ తప్పు పట్టుకునేవారేలే అని ఇప్పటికీ సర్దిచెప్పుకుంటాను. పట్టుకోకపోతే? ఎవరి కొడుకో ఆ వెలుగులో నిలబడేవాడు.

గడువు పెంచమని స్థావరం వాళ్ళను అడగడానికి నేను సిగ్గుపడుతుంటే, బాబాయి "తప్పు నీదేనని రాసెయ్. అట్టా రాసిచ్చే ఇంజనీరు దొరికితే మాకు పండగే" అన్నారు. రాశాను. వారం ఇచ్చారు. ఆ వారమంతా బాబాయి మా ఇంట్లోనే ఉండి, పెన్సిలుతో నా డ్రాయింగుల పని పట్టారు. నీటి సెన్సర్లను మాత్రం మెచ్చుకున్నారు: "ఇయ్యి అప్పట్లో ఉంటే లీకుల కోసం తవ్వే పని తప్పి మా నడుములు మిగిలేవి." ప్రహరీ దీపాలు సెన్సర్ మాట వినకూడదు, స్విచ్చి కాపలావాడి చేతిలోనే ఉండాలన్నారు. అలాగే మార్చాం. మెప్పు నా పేరున వచ్చింది. అందులో ఆయన వాటా ఎంతో నేనెక్కడా చెప్పలేదు. ఆయనకైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పానా? గుర్తులేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

భూస్థాపన అయిన వారానికి, పూర్తయిన భాగం చూసుకోమని స్థావరం నుంచి పిలుపొచ్చింది. పొద్దుగూకాక ఒక అధికారి నన్ను ప్రహరీ దగ్గరకు తీసుకెళ్ళారు. దీపాలన్నీ బయటి వైపు తిరిగి, ఒకే తీరున వెలుగుతున్నాయి. లోపలి దారి చీకటి. మా ముందు నుంచి బూట్ల చప్పుడు మెల్లగా సాగిపోయింది. ఒక్క దీపమూ చలించలేదు. ఎంత చూసినా మనిషి కనిపించలేదు.