స్వెటరు బాబాయి అతికించిన కవరు

ఆ పట్నంలోని నేర పరిశోధన ల్యాబులో చలిగది తాళాలు పిన్ని చేతిలో ఉంటాయి. అక్కడ అందరికీ ఆమె పిన్నే, పై అధికారి కూడా "పిన్నిగారూ" అనే పిలుస్తాడు. భర్త పోయాక ఆయన ఉద్యోగమే ఆమెకు ఇచ్చారు. ఆయన మండు వేసవిలో కూడా స్వెటరు విప్పేవాడు కాదు, అందుకే స్వెటరు బాబాయి అన్న పేరు స్థిరపడిపోయింది. చలంటే గిట్టని మనిషికి చలిగది కాపలా పడిందేమిటని ల్యాబంతా నవ్వుకునేది. ఆయనా నవ్వేవాడు.

ఆ గదిలో దాచేవి నేరం జరిగిన చోట దొరికిన వస్తువులు. నెత్తుటి గుడ్డలు, దూది పుల్లలు, వెంట్రుకలు, దేని కవరు దానిదే. మనిషి తాకిన చోట కంటికి ఆనని డీఎన్‌ఏ ఆనవాలు మిగులుతుందట, అది ఎవరిదో చెప్పొచ్చట. చెప్పొచ్చు సరే, చెప్పేదెవరు? ఉన్న ఒక్క యంత్రం పని చేసిన రోజులకంటే మొరాయించిన రోజులే ఎక్కువ. కవర్లు మాత్రం వచ్చిపడుతూనే ఉండేవి. అరలు నిండి, నేల మీద అట్టపెట్టెలు లేచి, చివరికి పిన్ని పక్కకి తిరిగి నడవాల్సొచ్చేది. ఆఫీసు గోడలకు రంగులేయడానికి డబ్బులుంటాయి, అధికారుల కుర్చీలు మార్చడానికి ఉంటాయి, దీనికి మాత్రం ఎప్పుడడిగినా లేవనేవారు.

ఆ కవర్లలో ఒకటి దర్జీ అమ్మాయి తమ్ముడి కేసుది. ఒక కొట్టు యజమానిని పొడిచి చంపాడని వాణ్ణి జైల్లో పెట్టారు. "మావాడు కత్తి పట్టుకుంటే వాడి వేలే తెగుతుందండీ" అని ఆమె కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ కత్తి పిడిని తుడిచిన దూది పుల్ల చలిగదిలో తన వంతు కోసం పడి ఉంది. కుట్టుపనిలో తీరిక దొరికితే చాలు, ఆమె ల్యాబు గేటు దగ్గరికి వచ్చేది.

"వంతు వచ్చిందా పిన్నీ?"

"ఇంకా లేదమ్మా. అన్నం తిన్నావా?"

"తిన్నాను. అక్కడ వాడు తిన్నాడో లేదో."



దర్జీ అమ్మాయి చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. తనలా ఎదురుచూసే వాళ్ళందరినీ పోగేసి, ల్యాబుకు డబ్బులిచ్చే నగరసభకు వెళ్ళింది. కాళ్ళావేళ్ళా పడలేదు. "మా బతుకులు ఎక్కడ ఇరుక్కున్నాయో ఒక్కసారి వచ్చి చూడండి" అంది, అంతే. చూడటానికి వచ్చిన పెద్దమనిషి తనే అట్టపెట్టెల మధ్య ఇరుక్కుపోయాడు. పిన్ని చెయ్యి పట్టి లాగితే గానీ బయటపడలేదు. డబ్బులిప్పిస్తానని అక్కడే మాటిచ్చాడు. ఆ మరుసటి బడ్జెట్లో ల్యాబుకు నిధులొచ్చాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈసారి సభవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు.

కొత్త యంత్రాలు వచ్చాయి, వాటిని నడిపే కొత్తవాళ్ళూ వచ్చారు. పిన్ని నోరు వెళ్ళబెట్టి చూస్తుండగానే అట్టపెట్టెలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వాటి వెనక గోడ బయటపడింది. తను ఇన్నేళ్ళు పనిచేసిన గది గోడ లేత నీలమని ఆమెకు అప్పుడు తెలిసింది.

దర్జీ అమ్మాయి తమ్ముడి వంతూ వచ్చింది. పరీక్ష చేసిన మేడం కవరు తిరిగి ఇవ్వడానికి చలిగదికి వస్తే, ఆ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఆమె వెంటే వచ్చాడు.

"పిడి తుడిచిన పుల్ల మీద ఆ అబ్బాయి ఆనవాలు లేదు. వేరే ఇద్దరు మగవాళ్ళవి ఉన్నాయి. ఒకడు పాత దొంగ. రెండోవాడెవడో తెలియదు" అంది మేడం.

"ఆ రెండోవాడు తేలాలి మేడం. వీడే వాళ్ళిద్దరినీ పంపాడేమో ఎవరికి తెలుసు? అంతదాకా వదలమని నేను చెప్పలేను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని మేడం చేతిలోని కవరు అందుకుని తిప్పి చూసింది. దాని మీద రాత తన భర్తది, ఆయన ఉన్నప్పుడు వచ్చిన కవరది. కవరు అతికించాలంటే ఆయన చేసే పని ఆమెకు తెలియనిదా? ఆ రోజుల్లో అందరిలాగే ఆయనా జిగురును నాలుకతో తడిపేవాడు. కూతురి పెళ్ళి శుభలేఖలన్నీ అలాగే అతికించి, ఆ పూట అన్నం సహించడం లేదని మూలిగాడు కూడాను.

చెబితే పోయిన మనిషి పేరు మీద మచ్చ పడుతుంది. పిన్ని ఎటూ తేల్చుకోలేక తాళం వేసి బయటికొచ్చింది. గేటు దగ్గర దర్జీ అమ్మాయి నిలబడి ఉంది. "వంతు వచ్చిందా పిన్నీ?" అని అడిగింది. పిన్ని అక్కణ్ణించే వెనక్కి తిరిగింది.

"మేడం, ఆ రెండోవాడు మా ఆయనేమో చూడండి."

విషయమంతా విని మేడం తెల్లబోయింది. "ఆయన లేరు కదా పిన్నీ, దేనితో పోల్చను?"

"మా పిల్ల ఉందిగా."

కూతురు వచ్చింది. ఆమె బుగ్గ లోపల ఒక దూది పుల్ల తిప్పారు, పిన్ని బుగ్గలో ఇంకొకటి. కవరు అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి తీసుకున్నారు.

ఫలితం వచ్చిన రోజు మేడం పిన్నిని కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టింది. తెర నిండా ఎగుడుదిగుడు గీతలు.

"ఇవి మీ అమ్మాయివి. ఇందులో సగం మీ నుంచి వచ్చాయి. మిగతా సగం చూడండి, కవరు జిగురులో ఉన్న మనిషిలోనూ, పుల్ల మీది రెండోవాడిలోనూ అవే ఉన్నాయి. ఆ మనిషి మీ ఆయనే. పుల్ల కవరు మూతికి ఆనుకుని ఉండిపోయింది, అలా అంటింది."

ఆయన గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. ఉన్న ఒక్క ఫోటోలో సగం మొహం మఫ్లరే మింగేసింది. అలాంటిది, ఒక్కసారి నాలుకతో తడిపిన తడి ఎప్పుడో ఎండిపోయి కూడా ఇది నేనేనని చెబుతోంది. కూతురి ఒంట్లో ఉన్నదీ, కవరు అంచున ఉన్నదీ ఒక్కటేనని చెబుతోంది. ఆమె తనకు తెలియకుండానే తెరకు చేతులు జోడించింది.

"ఆయనకి చెడ్డపేరు వస్తుందా మేడం?"

"అప్పటి పద్ధతే అదని రిపోర్టులో రాస్తాను. ఆయన ఇంత భద్రంగా దాచకపోతే ఈ పుల్లే మిగిలేది కాదు పిన్నీ."

రెండోవాడెవరో తేలింది. పాత దొంగ నేరం ఒప్పుకున్నాడు, కోర్టు కుర్రాణ్ణి వదిలేసింది. దర్జీ అమ్మాయి వాణ్ణి వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. పుల్లలా చిక్కిపోయిన వాడు తలెత్తి చూడలేకపోయాడు. ఆమె చాలాసేపు పిన్ని చేతులు వదల్లేదు.

"అన్నం తిన్నారా పిన్నీ?" అంది చివరికి.

"ఇంకా లేదమ్మా. లోపల చిన్న పని ఉంది."

పరీక్షకు పోగా మిగిలిన కవరు మళ్ళీ చలిగదికి చేరాలి, అది రూలు. పిన్ని దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్ళి అరలో పెట్టింది. తలుపు వేయబోయి ఆగింది.

"మీకసలే చలి గిట్టదు" అంది మెల్లగా. "కాస్త ఓర్చుకోండి. తాళాలు నా దగ్గరే ఉన్నాయి."