అరటి చెట్టు కాదు

నాకు రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. మొదటిది ఒక ఏకదళబీజంతో. రెండోది ఎమ్మిగనూరులో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఆయనతో. దాచుకోవలసింది ఏమీ లేదు, మొదటిదానికి కూడా రెండు వైపులవాళ్ళూ వచ్చి భోంచేసి వెళ్ళారు.

ఆదోనిలో ఒక డిగ్రీ కళాశాలలో నేను వృక్షశాస్త్రం చెబుతాను. ఏ మొక్కను గుర్తించాలన్నా ముందు దాని ఆకృతి చూడమంటాను. కాండం మెత్తగా ఉంటే గుల్మం. నేల దగ్గరి నుంచే కొమ్మలు చీలితే పొద. గట్టి మాను, పైన బెరడు, లోపల దారువు ఉంటే వృక్షం. తరవాత ఆకు పట్టుకోమంటాను. ఒకటే దళమా, చిన్న చిన్న ఆకులుగా విడిపోయిన సంయుక్త పత్రమా, అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా, కొన మొద్దుగా ఉందా, సన్నగా సాగిందా. పువ్వు దాకా పోకుండానే సగం చెట్లు ఇక్కడే దొరికిపోతాయి. మగవాళ్ళ విషయంలో ఇంత సులభంగా ఉండదని మా స్టాఫ్ రూములో పెళ్ళయినవాళ్ళు అనేవారు.

మా నాన్నది పత్తి దలాలీ. దూదిని వేళ్ళ మధ్య లాగి పింజ పొడవు చెప్పేస్తాడు. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళను కూడా అలాగే చూసేవాడు. వచ్చినవాళ్ళలో చాలామంది నన్ను అడిగింది ఒకటే, పెళ్ళయ్యాక ఉద్యోగం మానుకుంటావా అని. ఎమ్మిగనూరు ఆయన మాత్రం కాఫీ పట్టుకొని, మా గేటు పక్కన నిటారుగా నిలబడిన చెట్టును చూశాడు.

"దీన్ని అందరూ అశోకచెట్టు అంటారు గదా" అన్నాడు.

"అంటారు" అన్నాను.

"కాదు గదా."

కాదు. అది నరమామిడి. దాని ఆకు ఒకటే దళం, అంచు అలలు అలలుగా ఉంటుంది. అసలు అశోకకు సంయుక్త పత్రాలు. ఈ సంగతి మా వీధిలో ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు, ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఈయన నేను చెప్పకుండానే చెప్పాడు. నాకు ఆయన నచ్చాడు. చాలా నచ్చాడు. కాఫీ చల్లారేలోపే లోపలికి వెళ్ళి మా అమ్మకు ఆ మాట చెప్పేశాను.

ఆయనకు తల్లి తప్ప ఎవరూ లేరు. తండ్రి ఈయన చిన్నప్పుడే పోయాడు. ఆమే అంగడి పెట్టి, రైతులతో గొడవలు పడి, కొడుకును చదివించింది. మేము వాళ్ళిల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ఒకటి గమనించాను. హాల్లో ఆయన తండ్రి ఫొటో ఉంది, దానికి దండ ఉంది. ఆమె మాత్రం ఆ ఫొటో ముందు నుంచి నడవదు. వంటింట్లోకి పోవాలన్నా బయటికి వచ్చి, వసారా చుట్టి పోతుంది. గమనించడం నా వృత్తి కాబట్టి గమనించాను. ఎందుకన్నది అర్థం కాలేదు.

అన్నీ కుదిరాక వాళ్ళ పురోహితుడు ఫోనులో నా జాతకం వేసి, కుజదోషం ఉందన్నాడు. నన్ను కట్టుకున్నవాడు ఎక్కువ కాలం బతకడట. మా నాన్న కంగారు పడలేదు. సరుకులో తేమ ఎక్కువుందంటే ధర ఎంత తగ్గించమంటారో అడిగినట్టు, "పరిహారం ఏముందో సెప్పండి స్వామీ" అన్నాడు. పరిహారం సులభమే. ముందు నాకు అరటి చెట్టుతో పెళ్ళి చేయాలి. తాళి కట్టించుకున్నాక ఆ చెట్టును నరికేయాలి. మొదటి మొగుడు చనిపోతాడు, దోషం వాడితో పోతుంది, రెండోవాడు చల్లగా ఉంటాడు.

"అరటి చెట్టు కాదు" అన్నాను.

"చెట్టు గాకపోతే యేంది?" అన్నాడు మా నాన్న.

"గుల్మం. దానికి మాను లేదు, బెరడు లేదు, దారువు లేదు."

"నీకు పెళ్ళి గావల్లనా, వద్దా?"

కావాలి. అందుకే నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ, ఉన్నవి కూడా ఎక్కువసేపు నిలవవు.

పెళ్ళి తన కళ్ళ ముందే జరగాలని ఆయన తల్లి పట్టుబట్టింది. ఎమ్మిగనూరులో వాళ్ళింటి పెరట్లో, స్నానాల గది నీళ్ళు పోయే కాలవ పక్కన ఒక అరటి ఉంది. మా ప్రాంతంలో అరటి అలాంటి చోటే బతుకుతుంది. ఆయన్ను అంగట్లోనే ఉండమన్నారు. పెళ్ళికొడుక్కి పసుపు గుడ్డ చుట్టారు. పురోహితుడు తాళిని అరటికి తాకించి నా మెడలో కట్టాడు. కాసేపయ్యాక మా మేనమామ కొడవలి తీసుకొని పెళ్ళికొడుకును నడుముకు నరికాడు. తాళి తీయించి, నా తలమీద చెంబుతో నీళ్ళు పోశారు. నీళ్ళు పోసేటప్పుడు ఆయన తల్లి ముఖం తిప్పుకొంది. నాకు నవ్వు వస్తూ ఉండింది కానీ ఆమెను చూసి మానుకున్నాను.

ఆమె పురోహితుణ్ణి అడిగింది, "పూర్తిగా పోయినట్టేనా స్వామీ?"

"పూర్తిగా పాయమ్మా" అన్నాడు ఆయన.

ఇక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ తప్పు జవాబు విని ఊరుకోవడం నాకు చేతకాదు. "పోలేదు" అన్నాను. "ఇది కాండం కాదు. ఆకుల అడుగులు ఒకదాన్నొకటి చుట్టుకొని బోదె మాదిరి కనపడతాది. దీన్ని మిథ్యాకాండం అంటారు. అసలు కాండం భూమి లోపల దుంపగా ఉండాది. పైన ఎంత నరికినా దానికి ఏమీ కాదు. పిలకలు వస్తాయి."

పాఠం బాగానే చెప్పాను. మా అమ్మ నా చేయి గిల్లింది. పురోహితుడు పిల్లకు ఆకలిగా ఉన్నట్టుందని అందరినీ భోజనాలకు లేపాడు.

అరటి నా మాట నిలబెట్టడానికి పిలకల దాకా ఆగలేదు. నరికిన బోదె మధ్యలో మొవ్వు ఉంటుంది, అది పెరుగుతూనే ఉంటుంది. మేము పప్పూ కూరా ముగించి మజ్జిగలోకి వచ్చేసరికి, నున్నగా తెగిన బోదె నడుమ నుంచి తెల్లటి మొవ్వు బొటనవేలంత పైకి వచ్చింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన ఆయన తల్లి దాన్ని ముందు చూసింది.

"లేస్తాంది" అంది.

అందరం వెళ్ళి చూశాము. నిజంగానే లేస్తూ ఉంది. పురోహితుడు కూడా చూశాడు, ఆయనకు బస్సు టైమైంది. ఆమె నా వైపు తిరిగి, కోపం లేకుండానే చెప్పింది. "మొదటి మొగుడు బతికే ఉండాడు పాపా. నా కొడుకును నీకెట్లా ఇయ్యమంటావు?"

ముహూర్తం ఆగిపోయింది. కారులో ఆదోనికి తిరిగి వచ్చాము. ఇల్లు చేరాక మా నాన్న ఒక్క మాట అన్నాడు. "ఆ కాలేజీలో నీకు జీతం ఇచ్చి పాఠం సెప్పిస్తారు గదమ్మా. ఆడ ఊరికే యెందుకు సెప్పినావు?" నాకు ఏడుపు వచ్చింది. ఒక మనిషి నచ్చడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అరటి గురించి నాలుగు వాక్యాలకు ఆయన చేజారిపోయాడు.

ఆయన మాత్రం ఫోను చేస్తూనే ఉన్నాడు. వాళ్ళమ్మ మొవ్వును కోసేసింది, మళ్ళీ లేచింది. బోదెను నేలమట్టానికి నరికించింది, పక్క నుంచి పిలక వచ్చింది. మట్టినూనె పోసింది. పిలక వాడింది, ఇంకో వైపు ఇంకోటి మొలిచింది. పురోహితుడు ఈసారి కుండతో పెళ్ళి చేద్దామని, కుండ పగిలితే మళ్ళీ మొలవదని కబురు పంపాడు. ఆమె వినలేదట. ముందు దీని సంగతి తేలాలట.

"ఇప్పుడు గడ్డపార తీసుకొని ఆమే తవ్వుతాంది" అన్నాడు ఒక ఆదివారం పొద్దున. "మనుషులను పెడతానన్నా ఇనదు. నాకు భయమైతాంది."

నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం పాఠం చెప్పడానికి పోతున్నావని అడుగుతారు.

ఆమె పెరట్లో గుంత ఒడ్డున కూర్చుని ఉంది. చేతులు బొబ్బలెక్కాయి. గుంతలో అరటి దుంప సగం బయటపడి ఉంది, దాని పక్కన లేతాకుపచ్చ పిలక ఒకటి, చుట్టలా చుట్టుకున్న ఆకుతో. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. పక్కన జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాను.

"వాళ్ళ నాయనకు సేన్లో పాము కరిసింది" అంది. "పిల్లోడు అప్పటికి నడక నేరుస్తాండె. ఆయన పోయినంక మా అత్తోళ్ళు నా జాతకం సూపించినారు. నాకూ నీ మాదిరే కుజుడు. ముందే సూపించింటే అరటికిచ్చి సేస్తుండ్రి, ఆయప్ప బతుకుండునని సెప్పినారు. మొదటి తిథికి నేను ఇస్తరాకు ముందర కూచుంటే, మొగుణ్ణి మింగినదానికి మళ్లా కూడెందుకని అన్నారు. లేసి పోయినా. అప్పటి నుంచి ఏటా ఆ పొద్దు వడ్డిస్తా, తినను."

ఆమె ఫొటో ముందు నుంచి ఎందుకు నడవదో అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట అన్నవాళ్ళు అక్కడ ఉంటే గడ్డపార నా చేతికే అందేది. వాళ్ళెవరూ లేరు, పోయి చాలా కాలమైంది. ఉన్నది మేమిద్దరం, అరటి.

"అత్తా" అన్నాను. అంతవరకూ అమ్మా అనే పిలిచేదాన్ని. "నా దోషం, నాకు తాళి కట్టినోణ్ణి చంపుతుంది. అంతే గదా?"

"అంతేనంట."

"నాకు తాళి కట్టినది ఇదే. మా మామ కొడవలితో నరికినాడు. నువ్వు మట్టినూనె పోసినావు, గడ్డపారతో పొడిచినావు. చచ్చిందా?"

ఆమె గుంతలోకి చూసింది. "లేదు."

"ఇంతమంది సాయం చేసినా నా జాతకం ఒక అరటిని చంపలేకపాయె. ఇంక నీ కొడుకునేం చంపుతుంది?"

ఆమె పిలకను వేలితో తాకింది. చుట్టుకున్న ఆకును కొంచెం విప్పి చూసి వదిలేసింది. నా పెళ్ళి సంగతే ఆలోచిస్తోందని నేను అనుకున్నాను.

"అయితే" అంది, "నాది గూడా అంతేనా పాపా?"

నేను మామూలుగా ఒక ప్రశ్నకు నాలుగు వాక్యాలు చెబుతాను. ఆ రోజు అన్ని రాలేదు.

"అంతే అత్తా. పాము కరిచింది. నువ్వేమీ చేయలేదు."

ఆమె ఏడ్చింది. శబ్దం లేకుండా, చాలాసేపు, మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకొని. నేనూ ఏడ్చాను. ఆయన పెరటి గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, ఏం చేయాలో తెలియక వెనక్కి పోయాడు. తరవాత ఆమె లేచి, తవ్విన మట్టిని చేత్తోనే గుంతలోకి తోసింది. దుంప కప్పింది, పిలకను నిలబెట్టింది. రెండు చెంబుల నీళ్ళు పోసి, "ఎండిపోతాదేమో" అంది.

ఆ తరవాతి ముహూర్తానికే మా పెళ్ళి అయింది. అరటి ఇప్పుడు పెద్ద గుబురైంది. గెల దించినప్పుడల్లా మా అత్త పండ్లు ఇంటింటికీ పంచి, ఇవి మా కోడలి మొదటి మొగుడివని ముఖం మామూలుగా పెట్టుకొని చెబుతుంది. వాళ్ళు నన్ను చూస్తారు. నేను అవునంటాను. చెట్టు కాదు, గుల్మం అని కూడా చెబుతాను, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పెళ్ళయ్యాక మొదటిసారి వచ్చిన మా మామగారి తిథికి మా అత్త ఆకులు ఆ గుబురు నుంచే కోసింది. అరటి ఆకుకు ఈనెలు సమాంతరంగా పోతాయి, గాలికి ఊరికే చీలుతుంది, అందుకని చీలని ఆకులు వెతికి వెతికి తెచ్చింది. కార్యక్రమం అయ్యాక హాల్లో అందరికీ వేసింది. నేను లెక్క చూశాను, ఒక ఆకు ఎక్కువుంది. వడ్డన నన్ను చేయమని ఆమె వంటింట్లోంచి నేరుగా హాల్లోకి నడిచి వచ్చి, ఫొటోకు ఎదురుగా ఆ ఆకు ముందు కూర్చుంది. నేను వడ్డించాను. పప్పు కొంచెం ఆకు పక్కన పడింది. ఆమె ఫొటో వైపు ఒకసారి చూసి, అన్నం కలుపుకొని, ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.