ఒడిలో స్పీకరు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నాను. ఒడిలో పెద్ద స్పీకరు, కళ్లమీద కునుకు. పక్కాయన గుండ్రటి డబ్బా ఒకటి గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

"ఏందన్నా అది, మిఠాయా?"

"టేపప్పా. పాటలు కాదు, కంప్యూటరు ప్రోగ్రాం. యాంప్లిఫయరు చిప్పు చేయకముందే, అది ఎట్ల పలుకుతాదో కంప్యూటరు లెక్కగట్టి చెప్తాది."

నేను అప్పటిదాకా యాంప్లిఫయర్లకు చేత్తో లెక్కలు వేసుకునేవాణ్ణి. నా నిద్ర ఎగిరిపోయింది. "ఎంతకిచ్చినారు?"

"ఊరికే. పరదేశంలో అది రాసిన కాలేజీవాళ్లు అడిగినోళ్లకంతా ఇస్తారు. నేనూ అట్లే ఇయ్యల్ల, అదే న్యాయం."

అప్పుడే నా స్పీకరు వెనకనున్న అయస్కాంతం చూశాడు. "అయ్యో, అది తగిలితే అంతా చెరిగిపోతాది! మళ్లా తెప్పించేకి ఏడాది పడతాది" అంటూ డబ్బాను రెండు చేతులా పైకెత్తాడు.

దూరం రెట్టింపైతే అయస్కాంతం బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండడుగులు చాలు. అయినా స్పీకరు ఎత్తుకుని లేచి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను.

"దించన్నా, లెక్క సరిపోయింది!"

"నీ లెక్క నీది, నా భయం నాదప్పా!"

ఆళ్లగడ్డ దాకా ఆ డబ్బా ఎండలో పగటి చందమామలా తలలపైన ఊగుతూనే ఉంది.

ఇప్పుడు ఎవరైనా నా యాంప్లిఫయరు సర్క్యూటు అడిగితే గీసి ఇస్తాను. ఎంతని అడుగుతారు. "ఊరికే" అంటాను, "అడిగినోళ్లకు నువ్వూ ఇయ్యల్ల."