సీసా మీద పేరు

కంకిపాడులో పురుగుమందుల కొట్టు వెంకటకృష్ణారావు చైనా వెళ్తున్నాడన్న సంగతి చైనావాళ్లకి తప్ప అందరికీ తెలిసిపోయింది. యూరియాకి వచ్చినా, ఎలకల మందుకి వచ్చినా, ముందు ఆ కబురు చెప్పాకే సరుకు చేతికిచ్చేవాడు. "ఫ్యామిలీతోనండోయ్! ఏడు రోజులు!" అని వేళ్లు చూపించేవాడు. "అక్కడ పాముల్ని తింటారంట గదండీ" అని ఎవరైనా అంటే, "మాకు తెలుగు వంటవాణ్ణి వెంట పంపుతున్నారయ్యా" అని కొట్టిపారేసేవాడు.

ఆయన్ని వెక్కిరించడం తేలికే గానీ, ముప్పై ఏళ్లుగా ఆ కౌంటరు వెనకే కూర్చున్న మనిషికి అదొక్కటే సంబరం. ఆ వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. కంపెనీ పెట్టిన టార్గెట్టు దాటిన డీలర్లని భార్యాపిల్లలతో సహా విదేశం తిప్పుకొస్తారు. ఒక ఏడు బ్యాంకాక్, ఒక ఏడు దుబాయ్. ఏటా కృష్ణారావు అంచుదాకా వచ్చి ఆగిపోయేవాడు. ఉయ్యూరు డీలరు భార్య ఏనుగెక్కిన ఫొటో ఫోనులో చూసి చూసి, ఆయన భార్య మాణిక్యం ఒకరోజు "మనం ఏ జన్మలో ఎక్కుతామండీ" అంది. పాపం, ఆమె మామూలుగానే అంది. ఆయనకి మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకే ఈ ఏడు దక్షిణ చైనా అనగానే, సెప్టెంబరులోనే సుడిదోమ మందుని ఇంటింటికీ అంటగట్టి టార్గెట్టు దాటేశాడు.

తీరా అక్టోబరులో దోమ దిగింది. పైకి వరిచేను పచ్చగానే ఉంటుంది. దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీల్చేస్తుంది. వారం తిరిగేసరికి చేలో అక్కడక్కడా గుండ్రంగా తగలబెట్టినట్టు మాడిపోతుంది. ఆ దోమకి కృష్ణారావు అమ్మిన మందు పానకం పోసినట్టయింది. రైతులు మూత విప్పని సీసాలు సంచుల్లో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టడం మొదలెట్టారు. వాపసొచ్చిన సరుకుని కంపెనీ అమ్మకాల లెక్కలోంచి కోసేస్తుంది. ఇంకో పదిమంది ఇలాగే తెస్తే టూరు జాబితాలోంచి ఆయన పేరు ఎగిరిపోతుంది. అప్పటికే మాణిక్యం ప్రయాణానికి కందిపొడి కొట్టించేసింది.

గోడౌన్లో ఒక మూల తెల్ల క్యాను ఉంది. పేరూ ఊరూ లేని సరుకు. పక్క రాష్ట్రం నుంచి వచ్చే ఏజెంటు ఎప్పుడో వదిలిపోయాడు. "దోమే కాదండీ, దెయ్యం కూడా పోద్ది" అన్నాడు వాడు. ప్రయాణానికి రెండు రోజుల ముందు, గుమాస్తా లక్ష్మీకాంత్ భోజనానికి వెళ్లిన వేళ చూసి, కృష్ణారావు ఆ క్యానులోది గరాటా పెట్టి కంపెనీ ఖాళీ సీసాలో పోశాడు. మూత బిగించి, గుడ్డతో తుడిచి, జక్కయ్యకి కబురు పంపాడు.

జక్కయ్యకి ఊరి బయట రోడ్డు వారగా రెండెకరాల కౌలు చేను ఉంది. మిగతా రోజుల్లో వీపున ట్యాంకు వేసుకుని పదిమంది పొలాల్లో మందు కొడతాడు. కొట్టు తెరిచిన ఏడాది నుంచీ కృష్ణారావు ఏ మందంటే ఆ మందు కొట్టాడు, ఎందుకని ఒక్కనాడు అడగలేదు.

"ఇది నీకు ఊరికే ఇస్తున్నా జక్కయ్యా. రోడ్డు పక్క చేను గదా, నీ చేలో దోమ చస్తే నలుగురూ చూస్తారు" అన్నాడు కృష్ణారావు.

"మీరిచ్చారంటే చావకేం చేస్తదండీ" అని నవ్వుకుంటూ పట్టుకెళ్లాడు జక్కయ్య.

నలుగురూ చూసి, కంపెనీ మందే పనిచేసిందనుకుని, తెచ్చిన సీసాలు వెనక్కి పట్టుకెళ్తారని ఆయన ఎత్తు. అంతకంటే పెద్ద దురాలోచనేమీ ఆ బుర్రలో లేదు. మూతికి గుడ్డ కట్టుకోమని చెబుదామనుకున్నాడు. చెబితే, ఎప్పుడూ చెప్పనిది ఇవాళ ఎందుకు చెబుతున్నాడని అనుకుంటాడేమోనని ఊరుకున్నాడు.

చైనా బాగుంది. బాగోలేదంటే అబద్ధం. గ్వాంగ్‌జౌలో పొద్దున్నే చిన్న చిన్న వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన పిండి ముద్దలు బల్లనిండా పేర్చారు. లోపల ఏముందో చూడకుండా ముట్టనంటూ మాణిక్యం ఒక్కోటీ విప్పి చూసింది. రొయ్య కనిపించేసరికి నిమ్మళించి నాలుగు తింది. కూతురు ఉషశ్రీ విజయవాడ కాలేజీలో లెక్చరరు. ఆ పిల్ల దేనికీ వెనకాడలేదు. గుయిలిన్‌లో వీధి చివర కొట్లో సన్నటి బియ్యప్పిండి సేమ్యా మీద వేయించిన వేరుశనగలు, ఊరబెట్టిన చిక్కుళ్లు, మాంసం పలకలు వేసిస్తే ఒక గిన్నె ఊదేసి రెండో గిన్నె అడిగింది. కృష్ణారావు కూడా రుచి చూసి, "మన గోంగూర కాస్త పడితే దీన్ని కొట్టేది లేదు" అన్నాడు. ఊరంతా ఏదో పూల చెట్టు పూసి, బస్సు దిగితే చాలు తియ్యటి వాసన.

నాలుగోరోజు నది మీద పడవ ప్రయాణం. నీళ్లు ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. రెండు పక్కలా కొండలు. మన వైపు కొండలు మెల్లగా లేస్తాయి. అక్కడివి చదును నేలలోంచి ఒక్కసారి నిటారుగా లేచి, ఒకదాని వెనక ఒకటి మంచులోకి కలిసిపోతున్నాయి. ఒడ్డున వెదురు పొదలు, నీళ్లలో మెడదాకా దిగిన గేదెలు. గేదెల్ని చూసి మాణిక్యం ఇంటికొచ్చినట్టే సంబరపడింది. రైలింగు పట్టుకుని నిలబడి, "ఇది చూపించడానికి ఇన్నేళ్లు పట్టిందా మీకు" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆమె నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం పడవలోనే భోజనాలు. కంపెనీ ఆఫీసరు వచ్చి వాళ్ల బల్ల దగ్గరే కూర్చున్నాడు. చేపల పులుసు వడ్డిస్తుండగా ఉషశ్రీ ఫోను మోగింది. రోమింగ్ వేయించుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ నంబరు లక్ష్మీకాంత్‌కి ఇచ్చి వచ్చారు. పేరు చూసి ఆ పిల్ల ఫోను తండ్రికందించింది.

"రావుగారూ, జక్కయ్య నిన్న మందు కొడతా చేలోనే పడిపోయాడండీ. విజయవాడ తీసుకొచ్చాం. డాక్టరుగారు మీతో మాట్లాడాలంటన్నారు" అన్నాడు లక్ష్మీకాంత్. వెంటనే ఫోనులోకి డాక్టరు వచ్చాడు.

"సార్, సీసా చూశాం. దీని మీద రాసిన మందుకి మనిషి ఇంత సీరియస్ అవ్వకూడదు. మేం చేసే వైద్యానికి తేరుకోవట్లేదు. నాకొక్కటి చెప్పండి. సీసా మీద ఉన్న మందేనా లోపల ఉన్నది? వేరేదైతే వైద్యం వెంటనే మార్చాలి."

ఎదురుగా ఆఫీసరు రెండు పుల్లలతో చేప ముక్క పట్టబోయి, జారిపోతే నవ్వుతున్నాడు. కంపెనీ సీసాలో దొంగ సరుకు పోశానని ఆ మనిషి వినేలా చెప్పాలి. చెబితే లైసెన్సు పోతుంది, కేసవుతుంది, ఇన్నేళ్ల పరువు ఆ పడవలోనే మునిగిపోతుంది. లేచి పక్కకి వెళ్లొచ్చు. నాలుగడుగుల దూరంలో తలుపుంది. వెళ్లలేదు.

"అదేనండీ" అన్నాడు. "సీసా మీద ఉన్నదే. నేనే ఇచ్చాను."

"కచ్చితంగానా?"

"కచ్చితంగానండీ."

ఎవరని మాణిక్యం అడిగితే, జక్కయ్యకి మందు వాసన కొట్టిందంట, తగ్గిపోతుందిలే అన్నాడు. ఆఫీసరు "మన మందు సేఫ్ సార్, తాగినా ఏం కాదు" అని భరోసా ఇచ్చాడు. అందరూ పులుసు తిన్నారు. కృష్ణారావూ తిన్నాడు.

హోటల్‌కి వెళ్లాక ఫోన్ చేసి నిజం చెబుదామనుకున్నాడు. కానీ ఫోను కూతురిది. ఎందుకు నాన్నా అంటే ఏం చెప్పాలి? సాయంత్రం పడవ దిగిన ఊళ్లో పేరున్న చేపల కూర తినడానికి తీసుకెళ్లారు. నది చేపని బీరు పోసి టమాటాలతో ఉడికిస్తారట. తిని వచ్చాక అడుగుదామనుకున్నాడు. ఈపాటికి మనిషి లేచి కూర్చునే ఉంటాడు, అనవసరంగా నా గొయ్యి నేను తవ్వుకోవడమెందుకు అనుకున్నాడు. ఇలా ఆయన సవాలక్ష అనుకున్నాడు. భయపడ్డాడని ఒక్కమాట చెబితే సరిపోతుంది. ఆ భయం ఖరీదు ఇంకొకడి ప్రాణమని ఆయనకి తెలుసు. తెలిసే పడుకున్నాడు. అందుకే నాకు ఆయన మీద జాలీ ఉంది, కోపమూ ఉంది, కోపమే ఎక్కువ.

మర్నాడు బస్సు మూడు గంటలు కొండలెక్కింది. దిగి చూస్తే కొండ మొదలు నుంచి శిఖరం దాకా మెట్లు మెట్లుగా వరి మళ్లు. కోతకొచ్చిన చేను బంగారు రంగులో ఉంది. అందరూ సెల్ఫీలకి పరిగెత్తారు. కృష్ణారావు మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని, అలవాటు చొప్పున ఒక దుబ్బు చీల్చి మొదట్లో చూశాడు. వేళ్లతో తట్టాడు. దోమ ఉంటే ఎగిరిపడాలి. ఒక్కటీ లేదు. ఇంకో దుబ్బు తట్టాడు. పై మడిలో కొడవలి పట్టుకున్న ముసలి రైతు అది గమనించి, ఏం వెతుకుతున్నాడో అర్థమైనట్టు, తానూ వంగి ఒక దుబ్బు తట్టి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి నవ్వాడు. తలపాగా ఒక్కటి ఉంటే అచ్చం జక్కయ్యే. 

కృష్ణారావు లేచి గబగబా కూతురి దగ్గరికి వెళ్లి ఫోను తీసుకున్నాడు. ఆ పిల్ల ఎందుకని అడగనే లేదు. రాత్రంతా ఆయన్ని ఆపింది ఆ ప్రశ్నే.

"లక్ష్మీకాంత్, డాక్టరుగారికివ్వు. అర్జెంటు" అన్నాడు.

"ఇంకెందుకండీ" అన్నాడు లక్ష్మీకాంత్. "పొద్దున ఆరింటికి పోయాడు."

ఆ మాట వినగానే కృష్ణారావుకి ముందు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, ఇక చెప్పక్కర్లేదు అనిపించింది. ఒక్క క్షణమే అనిపించింది. ఆ క్షణం కోసం తనని తాను ఎంత తిట్టుకున్నా అది జరగనట్టు కాలేదు. భోజనాల దగ్గర వెదురు గొట్టంలో నిప్పుల మీద కాల్చిన అన్నం పెట్టారు. కమ్మటి వాసన. మాణిక్యం గొట్టం చీల్చి ఆయన పళ్లెంలో వేసింది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని గుట్ట దిగి వెళ్లి కక్కేశాడు. కొండల్లో బస్సు పడలేదనుకున్నారు అందరూ.

ఇంటికొచ్చిన నాలుగోరోజున జక్కయ్య ఇంటి ముందు షామియానా వేసి, ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థనకి చర్చివాళ్లు ఆదరణ కూడిక పెట్టారు. రాకపోతే బాగుండదని కృష్ణారావు వచ్చాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. పాస్టరుగారు రెండు మాటలు చెప్పమంటే లేచి, "మంచి మనిషి. నా మాట ఎప్పుడూ జవదాటలేదు" అని కూర్చున్నాడు.

ప్రార్థన అయ్యాక జక్కయ్య భార్య మార్త దగ్గరికొచ్చింది. "అంత దూరం పోయి కూడా మా కోసం డాక్టరుగారితో మాట్లాడారంట. ఆ మేలు మర్చిపోనండీ" అని చేతులు జోడించింది.  ఆమె వెనకే కొడుకు ఎలీషా నిలబడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రి, తండ్రి లాగే మందు కొట్టే పనికి పోతాడు.

"ఒక్క మాటండీ" అంది మార్త. "ఆయన ఒక ఎకరమే కొట్టాడు. అందులో దోమ ఊడ్చిపెట్టినట్టు పోయింది. రెండో ఎకరం మాడిపోతంది. ఆస్పత్రివాళ్లు సీసా మాకు తిరిగిచ్చేశారు, సగం మందు ఉంది. రేపు పొద్దున్నే ఈడు కొడతానంటన్నాడు."

"వద్దు" అన్నాడు కృష్ణారావు. "అది నాకిచ్చెయ్యండి. వేరే మందిస్తాను."

"వేరేదెందుకండీ?" అన్నాడు ఎలీషా. "ఇది బాగా పనిచేసింది. భయం కూడా లేదు. ఈ మందుకి మనిషి పోడనీ, మా నాన్నకి గుండెలోనే ఏదో ఉండుంటదనీ డాక్టరుగారే అన్నారు. మీరు గట్టిగా చెప్పారంట గదా."

కృష్ణారావు లేచి నిలబడ్డాడు. వెళ్లిపోదామనే లేచాడేమో. రేపు పొద్దున ఆ కుర్రాడు ట్యాంకు వీపున వేసుకుని చేలోకి దిగుతాడు. ఆ మందుకేం కాదని వాడికి అంత ధైర్యం ఇచ్చింది తనే. 

"అది కొట్టొద్దు ఎలీషా" అన్నాడు.  "ఆ సీసాలో ఉన్నది, సీసా మీద ఉన్న మందు కాదు."

 మార్త ఆయన మొహంలోకి చూసింది. ఆమెకి కోపం కూడా ఇంకా రాలేదు, లెక్క కుదరక అడిగింది.

"మరి ఆరోజు డాక్టరుగారు అడిగితే, అదేనన్నారంట గదండీ?"