ముందరి కాళ్ళు వంగి పుట్టిన పిల్లికూన

నిజాం కాలంలో, నా మొదటి కాన్పుకు ఇబ్రహీంపట్నంలోని పుట్టింటికి వచ్చిన రోజుల్లో, మా ఇంటి పిల్లి జొన్నల గుమ్మి వెనక ఈనింది. మూడు కూనలు. అవి నడక మొదలుపెట్టాక గాని ఒకదానికి తేడా ఉందని మాకు తెలియలేదు. మిగతా రెండూ తడబడుతూ గడప దాకా వస్తుంటే, అది ఛాతీ నేలకు ఆనించి వెనక కాళ్ళతో తోసుకుంటూ వచ్చేది. ముందరి కాళ్ళు రెండూ లోపలికి మడిచినట్టు వంగిపోయి ఉన్నాయి. పంజా నేలమీద ఆనేది కాదు.

అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అవ్వ దాన్ని చూసి నా కళ్ళకు కొంగు అడ్డం పెట్టింది.

"చూడకు బిడ్డా. కడుపుతోని ఉన్నదానివి. గసుంటియి చూస్తే పుట్టేటోళ్ళకు తగుల్తదంటరు."

"చూడనే చూసిన గదనే అవ్వా," అన్నాను.

నాకూ భయం పట్టుకుంది. ఊరికే చేయి పొట్టమీదికి పోయేది. అయినా ఆ కూన దగ్గరికి పోకుండా ఉండలేకపోయాను. పాల దగ్గర మిగతావి దాన్ని నెట్టేసేవి. అవి తల్లి పొట్టను ముందరి కాళ్ళతో పిసుకుతూ తాగేవి. ఇది పట్టు దొరక్క జారిపోయేది. నేనే పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే దూడ కాలు విరిగితే, బాపు పక్కనున్న మంచాల ఊరి నుంచి ఎముకలు కట్టే ఆయన్ని పిలిపించాడు. దూడకు వెదురుబద్దలు పెట్టి కట్టడం అయ్యాక కూనను ఆయన ముందు పెట్టాను. ఆయన నవ్వలేదు. కాళ్ళను మెల్లగా సాగదీసి చూసి, మళ్ళీ నా చేతికిచ్చాడు.

"ఇరిగినదైతే కడ్త బిడ్డా. ఇది ఇరగలే. తల్లి కడుపులనే గిట్ల పెరిగింది. కట్టినా దానికి నొప్పే గని, నిలబడదు."

"పట్నంల పశువుల దవాఖాన ఉన్నదంట గద బాపూ?"

"పిల్లి కోసం బండి కట్టుకొని పట్నం పోతరా? ఊకో బిడ్డా," అన్నాడు బాపు, నా మొహం చూడకుండా.

తర్వాత తల్లి పిల్లి రెండు కూనల్ని నోట కరుచుకుని పక్కింటి అటక మీదికి మార్చింది. మూడోదాని కోసం రాలేదు. నేను గుడ్డ ఒత్తిని మేకపాలలో ముంచి చీకించేదాన్ని. నేలకు రాసుకుని దాని ఛాతీ మీద పుండు పడింది. పసుపూ నూనే రాస్తే కాస్త ఆరేది, పాకితే మళ్ళీ రేగేది. పాకకుండా గంపలో పెడితే ఆగకుండా అరిచేది.

ఇంతలో నాకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. అవ్వ మంత్రసాని చేతిలోంచి బిడ్డను తీసుకుని ముందు చేతులే చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, గోడకు ఆనుకుని ఏడ్చింది.

పురిటి గదిలోంచి నన్ను బయటికి రానివ్వలేదు. కూన తలుపు దాకా పాకి వచ్చి అవతల అరిచేది.

"పాలు పట్టినవా అవ్వా దానికి?"

"పట్టిన. మింగుతలేదు."

"నేను పడ్త, లోపలికి తే."

"పచ్చి బాలింతవు. పురిటింట్లకు పిల్లిని తెస్తరానే?" అని, గొంతు తగ్గించింది. "నాకు శాతనైనంత జేస్తున్న బిడ్డా. ఇంకేం జెయ్యాలె?"

బిడ్డకు పాలిస్తూ ఆ అరుపు వినేదాన్ని. అది రోజురోజుకు సన్నబడింది. ఒక మధ్యాహ్నం వినబడలేదు. అడిగితే, కొట్టం వెనక పాతిపెట్టి వచ్చానని చెప్పి, అవ్వ చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంది.